పచ్చ వైరు

నాగేశ్వరయ్య కారు కట్టడం మొదలుపెట్టి తొమ్మిదేళ్లు నిండేనాటికి, ఆ కారు నడిచిన దూరం మొత్తం కలిపి నూట పద్నాలుగు కిలోమీటర్లు. అందులో డెబ్బై హిందూపురం శివార్లలో పరిగి రోడ్డు మీద; తక్కినదంతా ఇంటి వెనక వీధిలో ముందుకూ వెనక్కూ. గంటకు అరవై కిలోమీటర్లకు మించిన వేగాన్ని అది ఎరుగదు. దాని బరువు ఆరువందల ఎనభై కిలోలు, ఇంజను బలం నూట ఇరవై గుర్రాలు. ఒక్కో గుర్రం మీద ఆరు కిలోల బరువు కూడా పడదన్నమాట. ఈ సంగతి ఆయన ఒకసారి భార్య అన్నపూర్ణమ్మకు ఓపికగా వివరించాడు. ఆమె అంతా విని, "అన్ని గుర్రాలను తెచ్చి షెడ్డులో కట్టేసినారు. పాపం తగలదా మీకు?" అంది.

ఆయన ముప్పై మూడేళ్లు జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. వాళ్లది చింతపండు వ్యాపారం చేసే కుటుంబం. అన్న కొట్టు చూసుకున్నాడు. తమ్ముడు న్యూటన్‌ను చూసుకున్నాడు. ఇప్పుడు అన్న లేడు. కొట్టు అన్న కొడుకు అమర్‌నాథ్ చేతిలో ఉంది. ఇంటి వెనక ఉన్న రేకుల షెడ్డు మాత్రం ఇద్దరిదీ. అందులోనే ఆ కారు పుట్టింది.

పుట్టుకకు మూలం ఒక బొమ్మ. బెంగుళూరులో ఎమ్మెస్సీ చదివే రోజుల్లో పాత పుస్తకాల బండి మీద చూసిన ఇంగ్లీషు పత్రికలో, పైకప్పు లేని రెండు సీట్ల పందెపు కారు ఒకటి, నేలకు ఆనుకున్నట్టు, పొడుగాటి ముక్కుతో ఉండేది. నలభై ఏళ్ల తరవాత గుడిబండ దగ్గర ఒక రైతు దొడ్లో, కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న పాత హెరాల్డ్ కారు కనబడింది. దాని అడుగు చట్రం తుప్పు పట్టలేదు. కాగితాలు సక్రమంగా ఉన్నాయి. ఆ చట్రం మీద, ప్రమాదంలో నలిగిపోయిన మరో కారు ఇంజనును కూర్చాడు. అల్యూమినియం రేకును ఇసుక బస్తా మీద పరిచి, కొయ్యసుత్తితో కొట్టి కొట్టి ఒంపులు తెచ్చాడు. ఒక్క ఎడమ మడ్‌గార్డుకే ఐదు నెలలు పట్టింది. కుడిదానికి ఎనిమిది నెలలు. ఎందుకంటే అది ఎడమదానిలాగే ఉండాలి.

ఇంత చేసినవాడు దాన్ని నడపకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. ఎప్పుడడిగినా "ఇంకొక్క చిన్న పని ఉండాది" అనేవాడు. ఆ మాటలో అబద్ధం లేదు. ప్రతిసారీ నిజంగానే ఒక చిన్న పని మిగిలి ఉండేది.

ఆ ఏడు చింత విరగకాసింది. ఫిబ్రవరి చివర్లో ఒకనాడు అమర్‌నాథ్ వచ్చి, షెడ్డు గుమ్మంలో నిలబడి, చెప్పులు విడవకుండానే మొదలుపెట్టాడు.

"చిన్నాయనా, కోల్డ్ స్టోరేజీలన్నీ నిండిపోయినాయి. సరుకు యాడ పెట్టాలో తెలీకుండా ఉండాది. షెడ్డు ఇయ్యాల నువ్వు."

"కారు ఉండాది కదప్పా."

"కారంటే దావలో తిరిగేది. ఇది ఈడే ఉండాది తొమ్మిదేండ్ల నుంచి."

"బిడ్డయి ఉంటే ఈపాటికి నాలుగో తరగతి," అంది లోపలి నుంచి అన్నపూర్ణమ్మ.

నాగేశ్వరయ్యకు కోపం రాలేదు. వాదనలో ఎదుటివాడిది న్యాయమైనప్పుడు ఆయనకు కోపం రాదు. అది ఆయనకు చిన్నప్పటినుంచీ ఉన్న ఇబ్బంది. కాసేపు ఆలోచించి, పరీక్ష పెట్టమన్నాడు. ధర్మవరం దాకా పోయి, పొద్దు మునిగేలోగా తిరిగి వస్తే అది కారు. షెడ్డు దానిది. రాకపోతే కారు ఖాళీ చేస్తుంది, చింతపండు దిగుతుంది.

"తోయగూడదు. తాడు కట్టి లాగగూడదు," అన్నాడు అమర్‌నాథ్. బేరంలో షరతులు ముందే చెప్పుకోవడం అతనికి అలవాటు. "నేను పక్కనే కూసుంటా."

"ఇంకొకటి," అంటూ అన్నపూర్ణమ్మ గుమ్మంలోకి వచ్చింది. "బానెట్ ఎత్తగూడదు. ఎత్తినారంటే ఈయన సాయంత్రం దాకా దించరు. నువ్వు దావలో ఎండకు మాడిపోతావు అమరా."

ఆమె ఆ మాటను కొడుకు వరస వాడి మీద దయతో అన్నదో, భర్త మీద అనుభవంతో అన్నదో తెలియదు. మొత్తానికి షరతు నిలిచింది. బానెట్ ఎత్తితే ఓడినట్టే.

శనివారం తొమ్మిది గంటలకు బయలుదేరుదామన్నాడు నాగేశ్వరయ్య. అది రాహుకాలమని అమర్‌నాథ్ గుర్తుచేశాడు.

"అందుకే. ఆ గంటన్నర రోడ్డు ఖాళీగా ఉంటాది. రాహువు వల్ల నేను పొందిన మేలు అదొక్కటే."

అమర్‌నాథ్ నిండైన మనిషి. పక్క సీటులో కూర్చోవడం అనే మాట అతని విషయంలో సరిపోదు, ఒదిగాడనాలి. తలుపులు లేవు, పైకప్పు లేదు, ముందు జానెడు అద్దం. కాళ్లు ముందుకు చాపుకుంటే రోడ్డు నడుము పక్కనే ఉంది. "స్కూటర్ మీద పోయేటోడు నన్ను కిందికి సూస్తాండాడు," అని ఫిర్యాదు చేశాడు. సోమందేపల్లి దాకా యాభైకి మించనివ్వలేదు నాగేశ్వరయ్య. చెవి ఇంజను మీద, కన్ను వేడిని చూపే ముల్లు మీద ఉన్నాయి. ముల్లు ఎనభై ఆరు దగ్గర నిలకడగా ఉంది. హైవే ఎక్కాక ఆటోలు కూడా దాటిపోయాయి. ఒక ఆటోలోంచి ఎవరో, "ఏమప్పా, పెట్రోలు అయిపోయిందా?" అని పలకరించారు.

పెనుకొండకు ముందు ఎగువలో రెండు లారీలు తగిలాయి. ఒకటి గ్రానైటు దిమ్మెతో కుడిపక్క పాకుతోంది. దాన్ని ఎడమనుంచి దాటాలని రెండోది దాదాపు అంతే వేగంతో ప్రయత్నిస్తోంది. వెనక, ముప్పై అయిదు కిలోమీటర్ల వేగంతో, కారు. రెండు నిమిషాల్లో ముల్లు తొంభై రెండు దాటింది. ఫ్యాను తనంతట తాను తిరగడం మొదలైంది. ఆ శబ్దం వినిపించింది. ఫ్యాను తిరిగితే ముల్లు దిగాలి. దిగలేదు. తొంభై ఎనిమిది. నూట రెండు. నూట నాలుగు.

"ఏమన్నా కాలుతాండాదా చిన్నాయనా?"

"ఇంకా లేదు."

ఎడమ లారీ ఎట్టకేలకు ముందుకు జరిగింది. సందు దొరికింది. నాగేశ్వరయ్య తొమ్మిదేళ్లలో మొదటిసారి గేరు తగ్గించి, కాలు పూర్తిగా అదిమాడు.

కారు ఎగిరి దూకిందనడం అతిశయోక్తి. జరిగిందేమిటంటే, వీపు సీటుకు అతుక్కుంది, లారీలు వెనక్కి జారిపోయాయి, అప్పటిదాకా గొణుగుతూ ఉన్న శబ్దం గొంతు సవరించుకుని ఒకే స్వరం మీద నిలబడింది. యాభై, ఎనభై, నూట అయిదు. స్టీరింగు చేతుల్లో తేలికైంది. తాను కొట్టి వంచిన పొడుగాటి ముక్కు రోడ్డును తనలోకి లాక్కుంటున్నట్టు కనిపించింది. ముల్లు కేసి చూశాడు. తొంభై నాలుగు. తొంభై. ఎనభై అయిదు.

అమర్‌నాథ్ రెండు చేతులతో డాష్‌బోర్డును పట్టుకుని ఉన్నాడు. కొండమీద కోట బురుజు కనబడింది. ఆ పైన అన్న మాట ఇది: "ఉరికితే సల్లబడేది నేను యాడా సూడలేదు."

నాగేశ్వరయ్య కూడా చూడలేదు. పెనుకొండలో టీ కొట్టు ముందు, ఇంజను ఆపకుండా పది నిమిషాలు నిలబెట్టి చూశాడు. ముల్లు తొంభై నాలుగుకు చేరి ఆగింది, పెరగలేదు, తరగలేదు. నిలబడితే బాగుంది. పరిగెత్తితే బాగుంది. నడిస్తే మాత్రం జ్వరం. నీళ్లు తక్కువైతే మూడు స్థితుల్లోనూ వేడెక్కాలి. పంపు పాడైతే వేగం పెరిగేకొద్దీ హెచ్చాలి. టీ చల్లారిపోయింది. బానెట్ మీద చెయ్యి పెట్టి, తీసేశాడు.

"అడుగుతాండా అంతే. తెరుస్తావా?" అన్నాడు అమర్‌నాథ్.

"తెరవను."

మిగిలిన దారంతా ఆయన నూటికి తగ్గలేదు. ఇది సరదా కోసం కాదనీ, ఇంజను ఆరోగ్యం కోసమనీ తనకు తాను చెప్పుకున్నాడు. పెనుకొండ దాటాక పెద్ద కార్ల ఫ్యాక్టరీ వస్తుంది. నిమిషానికొక కారు బయటికొస్తుందని జనం చెప్పుకుంటారు. గోడ వెనక వేల కార్లు, అన్నీ ఒకేలా, తెల్లగా వరసకట్టి ఉన్నాయి. గేటు దగ్గర కాపలావాడు ఈ ఒక్కదాన్ని చూసి నిలబడ్డాడు. నిలబడ్డాడన్న సంగతి నాగేశ్వరయ్య గమనించాడు. గమనించినందుకు కొంచెం సిగ్గుపడ్డాడు.

ధర్మవరంలో వాళ్లు వెళ్లింది చెన్నప్ప ఇంటికి. చెన్నప్ప పట్టుచీరలు నేస్తాడు. అంతకన్నా ముఖ్యంగా, మగ్గం మీద అంచు పూలు పడేందుకు జాకార్డు పెట్టె కింద వందల దారాలను ఒక్కొక్కటిగా ముడివేసే పని అతనిది. ఒక్క ముడి తప్పితే చీర పొడవునా పువ్వు కుంటుతుంది. ముప్పై ఏళ్ల కిందట, గ్రహణం రోజున నాగేశ్వరయ్య సాలె వీధిలో నల్ల అద్దాలు పంచుతుంటే, తలుపు తెరుచుకుని బయటికి వచ్చిన మొదటి మనిషి ఇతడే. ఆ పరిచయం స్నేహమైంది. కారుకు కరెంటు వైర్లు కట్టాల్సి వచ్చినప్పుడు, మెకానిక్కును కాక నాగేశ్వరయ్య ఇతణ్ణే పిలిపించుకున్నాడు. హిందూపురంలో పది రోజులుండి, సార్ వైర్ల పటం చదివి చెబుతుంటే, నూట నలభై వైర్లను పట్టుజడలాగా అల్లిపోయాడు. ఆ అల్లిక కారులోకెల్లా అందమైనదని నాగేశ్వరయ్య అభిప్రాయం.

అమర్‌నాథ్‌ను ముందుగదిలో చెన్నప్ప భార్య ఉమాదేవి చీరలు పరిచి కూర్చోబెట్టింది. మిత్రులిద్దరూ వాకిట్లో కారు చుట్టూ తిరిగారు. నాగేశ్వరయ్య జరిగింది చెప్పాడు.

"ఫ్యాను తిరుగుతాండాదా సార్?"

"తిరుగుతాండాది. నా చెవులతో విన్నా."

"తిరిగితే సాలునా? గాలి యాడికి పోతాండాది?"

ఆ ప్రశ్న నాగేశ్వరయ్యను కదలనివ్వలేదు. ముప్పై మూడేళ్లు పిల్లల చేత ఇలాంటి ప్రశ్నలు అడిగించాలని ప్రయత్నించినవాడు ఆయన. చెన్నప్ప భుజం మీద తెగిన పట్టుపోగు ఒకటి వేలాడుతోంది. దాన్ని తీసుకుని, ఇంజను ఆన్ చేయించి, ఫ్యాను మొదలయ్యేదాకా ఆగి, కారు ముక్కు ముందరి జాలీ దగ్గర పట్టుకున్నాడు. ఫ్యాను ఉండేది రేడియేటరు వెనక. అది బయటి గాలిని లోపలికి పీల్చాలి. పోగు జాలీకి అతుక్కోవాలి. పోగు అతుక్కోలేదు. ఆయన మొహం వైపే ఎగిరింది.

ఫ్యాను తిరగబడి తిరుగుతోంది. నిలబడి ఉంటే గాలి ఏ వైపు పోయినా నష్టం లేదు, రేడియేటరు చల్లబడుతుంది. బాగా పరిగెత్తితే ఎదురుగాలి ఎటూ గెలుస్తుంది. ముప్పై నలభై మధ్య ఎగువలో మాత్రం లోపలి గాలీ బయటి గాలీ సమానమవుతాయి. తలుపుకు అటొకడూ ఇటొకడూ నిలబడి ఒకే బలంతో తోస్తే తలుపు కదలనట్టు, అక్కడ గాలి నిలిచిపోతోంది.

"రెండు వైర్లు తారుమారైనాయి చెన్నప్పా. ఫ్యాను వైర్లు. ప్లస్సుకు పచ్చ వైరు కట్టమన్నా కదా నిన్ను?"

"పచ్చదే కట్టినా సార్."

"పచ్చది కట్టింటే ఇట్ల తిరగదు."

"నా సేత్తో కట్టినా. దేవుని తోడు... మీరు నమ్మరులే. నా మగ్గం తోడు."

 నాగేశ్వరయ్య మెల్లగా అడిగాడు: "పచ్చ అంటే యాది?"

చెన్నప్ప లోపలికి పోయి రెండు పట్టుకండెలు తెచ్చాడు. పసుపు కొమ్ము రంగుదాన్ని ముందుకు చాపి, "ఇది పచ్చ," అన్నాడు. ఆకు రంగుదాన్ని చాపి, "ఇది చిలకపచ్చ. నేను పుట్టినకాణ్ణుంచి ఈ వీధిలో ఇంతే సార్. పచ్చ చీర తెమ్మంటే చిలకపచ్చ చీర తెస్తే పెండ్లివారు ఊరుకుంటారా?"

నాగేశ్వరయ్య ఇంట్లో, కన్నడం సగం కలిసిన హిందూపురం మాటల్లో, పచ్చ అంటే ఆకు రంగే. ఫ్యాను వైర్లలో ఒకటి ఆకు రంగుది, రెండోది పసుపుది. రంగుల పేర్లు ఇంగ్లీషులో చదువుదామని ఆనాడు చెన్నప్ప అడిగాడు కూడా. వైజ్ఞానిక విషయాలను తెలుగులో చెప్పలేమన్న అపోహ పోవాలని నాగేశ్వరయ్యే పట్టుబట్టాడు. తక్కిన నూట ముప్పై ఎనిమిది వైర్లూ సరిగ్గానే ఉన్నాయి. వాటిలో పచ్చవి లేవు.

"తప్పు నాది," అన్నాడు. "రెండర్థాలున్న మాటను కొలత లాగా వాడినా."

"తప్పు యెవరిదైతే యేమి సార్. నాలుగు నిమిషాల పని." చెన్నప్ప గొంతు తగ్గించి, ముందుగది వైపు చూశాడు. "ఆయప్ప చీరల్లో మునిగినాడు. ఉమ ఇంకా బుట్టా చీరలు తియ్యనే లేదు. బానెట్ ఎత్తి దించేదాంక నేను చూసుకుంటా."

బానెట్ చేతికి అందేంత దూరంలో ఉంది. నాగేశ్వరయ్య ఆలోచించలేదనలేము, ఆలోచించాడు. కాలేజీలో పరీక్ష గదుల్లో తాను పట్టుకున్న కాపీ చీటీలు గుర్తొచ్చాయి. ఆ పిల్లలు కూడా నాలుగు నిమిషాల పనే అనుకుని ఉంటారు. వద్దన్నాడు. లోపలికి పోయి, చీరల మధ్య కూర్చున్న అమర్‌నాథ్‌కు పట్టుపోగు సంగతితో సహా అంతా చెప్పాడు.

అమర్‌నాథ్ ఒక పచ్చ చీరను మడత పెడుతూ, "అంటే మనం తిరిగి పోయేటప్పుడు నిలబడాల, లేకుంటే ఉరకాల. నడవగూడదు. అంతే కదా?" అన్నాడు.

"అంతే."

"ఇది పచ్చేనా చిన్నాయనా? నేను సెప్పలేక అడుగుతాండా. ఇంట్లో పచ్చదే తెమ్మనింది."

మూడు గంటలకు బయలుదేరారు. చెన్నేకొత్తపల్లి దాటాక గుట్టూరు దాకా రోడ్డు తీరుగా సాగింది. ఆ పావుగంట నాగేశ్వరయ్య తన కారును నిజంగా నడిపాడు. కట్టేటప్పుడు ప్రతి భాగాన్నీ విడివిడిగా ఎరిగినవాడు ఆయన. ఇప్పుడవేవీ విడివిడిగా లేవు. మలుపులోకి దిగేముందు బ్రేకు, గేరు, మళ్లీ కాలు. ముందు చక్రం ఎక్కడుందో వేళ్లకు తెలుస్తోంది. రెండు మడ్‌గార్డుల ఒంపుల మీద ఎండ ఒకేలా పారుతోంది. పొలాల్లో కాలుతున్న వేరుశనగ పొట్టు వాసన, దాని వెంటనే వేడి తారు వాసన, ఆ వెంటనే ఎవరి ఇంటిదో తాలింపు వాసన. ఇన్ని వాసనలున్నాయని మామూలు కార్లో తెలియదు. నూట ఇరవై దగ్గర అమర్‌నాథ్ డాష్‌బోర్డును వదిలేశాడు. టవలు తలకు చుట్టి, ముడి వేసి, ఇంకాస్త కిందికి ఒదిగాడు.

"ఆ ఎర్రబస్సును దాటలేవా?"

"అది తొంభైలో పోతాండాది. మనకు ఇబ్బంది లేదు."

"ఇబ్బంది లేదులే. దాటలేవా అని అడుగుతాండా."

దాటారు.

పెనుకొండకు ఇటువైపు కూడా ఒక ఎగువ ఉంది; అది మొదలయ్యే చోట పక్కకు ఆపారు. పైకి పోయే లారీలన్నీ పోయి, రోడ్డు ఖాళీ అయ్యేదాకా ఆగడం ఉపాయం. అమర్‌నాథ్ లేచి వెనక్కి తిరిగి, మార్కెట్టులో మూటలు లెక్కపెట్టేవాడిలా ఒక్కో లారీని పంపించాడు. "ఇదొకటి పోనీ. సిమెంటుది. దాని వెనక టమాటాలు. ఆ... ఇంక యేమీ లేదు. పా చిన్నాయనా, పా."

సగం ఎక్కారు. మలుపు తిరిగేసరికి, కింద నుంచి కనబడని చోట, ఒక దారిలో రోడ్డు మరమ్మతు జరుగుతోంది. పీపాలు అడ్డం పెట్టారు. మిగిలిన ఒక్క దారిలో, ఇంతకుముందు అమర్‌నాథ్ పంపించిన లారీలన్నీ వరసగా పాకుతున్నాయి. ముప్పై రెండు. ఎడమపక్క ఇనప కంచె, కుడిపక్క పీపాలు. ఆగడానికి లేదు, వెనక అప్పుడే ఇంకో లారీ వచ్చి హారన్ కొట్టింది. ఉరకడానికి లేదు.

ముల్లు తొంభై అయిదు. నూరు. నూట ఆరు. ఇద్దరూ దాన్నే చూస్తున్నారు. నూట పది దగ్గర ముక్కు కింద నుంచి తెల్లగా ఆవిరి లేచింది, తీపి వాసన వేసింది. కంచె తెగిన చోట కనబడగానే నాగేశ్వరయ్య పక్కకు తిప్పి ఇంజను ఆపాడు. లోపల నీళ్లు మరుగుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

"సల్లారనీ," అన్నాడు అమర్‌నాథ్. "గంట ఆగుదాం. మళ్లా పోదాం. పొద్దుండాది."

"నీళ్లు ఎంత పోయినాయో తెలీదు."

"కొంచెమే పోయింటాయిలే."

"కొంచెమే అని నీకెట్ల తెలుసు? సగం పోయి ఉంటే, హిందూపురం చేరేలోగా ఇంజను తల వంకరపోతాది. మిగిలే ఉంటే ఏమీ కాదు. తెరిచి చూస్తే తప్ప తెలీదు."

"తెరిస్తే షెడ్డు పోతాది చిన్నాయనా."

"తెలుసు."

అమర్‌నాథ్ కారు దిగాడు. ఎగువన కనబడుతున్న దాబా దాకా నడిచి, అయిదు లీటర్ల క్యానుతో నీళ్లు మోసుకుని, రొప్పుతూ వచ్చాడు. క్యాను కింద పెట్టి, కారుకు వీపు చూపించి, కొండ వైపు తిరిగి నిలబడ్డాడు.

"నేను కోట చూస్తాండా," అన్నాడు. "నాకు యెనక కండ్లు లేవు."

"నీళ్లు ఎందుకు తెచ్చినావు మరి?"

"దప్పికయ్యింది."

ఎవరూ చూడకపోతే జరగనట్టేనన్న వాదాన్ని నాగేశ్వరయ్య తన జీవితంలో చాలామందితో కాదనిపించే ప్రయత్నం చేశాడు, ఎక్కువసార్లు ఓడిపోయాడు. ఇప్పుడు వాదించే ఓపిక లేదు. బానెట్ ఎత్తాడు. గుడ్డ చుట్టి మూత తిప్పి చూస్తే, నీళ్లు సగానికి పైగా పోయాయి. చల్లారాక నింపాడు. ఆ తరవాత చెన్నప్ప అల్లికను వేలితో వెదుక్కుంటూ పోయి, ఫ్యాను దగ్గర రెండు వైర్లను విప్పి, ఒకదాని చోట ఒకటి బిగించాడు. పసుపుది కిందికి, ఆకు రంగుది పైకి. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. బానెట్ దించిన చప్పుడుకు అమర్‌నాథ్ ఇటు తిరిగాడు.

"కోట బాగుండాది," అన్నాడు.

తక్కిన ఎగువంతా లారీల వెనకే, ముప్పైలో. ముల్లు తొంభై దగ్గర, గోడకు కొట్టిన మేకులాగా కదలకుండా ఉంది.

ఇల్లు చేరేసరికి పొద్దు ఇంకా మునగలేదు. అన్నపూర్ణమ్మ వీధి గుమ్మంలోనే ఉంది.

"యాడా నిలబడలేదు చిన్నమ్మా," అన్నాడు అమర్‌నాథ్, ఆమె అడగకముందే. "తోయలేదు, లాగలేదు. నూట ఇరవై పోయింది. నేనే సాక్షి."

"బానెట్ ఎత్తినాను," అన్నాడు నాగేశ్వరయ్య.

అమర్‌నాథ్‌కు కోపం వచ్చింది. చింతపండు వ్యాపారంలో పాతికేళ్లుగా ఇలాంటి మనిషిని చూడలేదన్నాడు. నోటి దాకా వచ్చిన లాభాన్ని తిరగగొట్టేవాడితో బేరం చెయ్యకూడదన్నాడు. షెడ్డు వద్దు, సరుకు ఎక్కడో ఒకచోట పడేసుకుంటానన్నాడు. నాగేశ్వరయ్య ఒప్పుకోలేదు. మాట చెప్పాక వెనక్కి తీసుకుంటే కొట్టు పరువు ఏమవుతుందని అడిగాడు. ఆ మాట అమర్‌నాథ్‌కు తగలవలసిన చోట తగిలింది. గురువారం బస్తాలు దించుతామని గొణిగి, పచ్చ చీర పొట్లం చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

కారుకు చోటు చెన్నప్ప ఇచ్చాడు. సంగతి తెలిసి తానే ఫోను చేశాడు. రెండో మగ్గం తీసేసి గుంత పూడ్చిన గది ఖాళీగా ఉందనీ, వాకిలి వెడల్పు జానతో కొలిచి చూశాననీ, కారు పడుతుందనీ చెప్పాడు. పనిముట్లకు మాత్రం చోటు లేదు. సుత్తులు, ఇసుక బస్తాలు, వెల్డింగు పెట్టె అన్నీ హిందూపురంలో మిద్దె మీదికి ఎక్కాయి. ఇక కారును చూడాలంటే రైలెక్కి ధర్మవరం పోవాలి. పోయాక దానికి చెయ్యదగ్గ చిన్న పనేదీ ఉండదు, నడపడం తప్ప.

బుధవారం పొద్దున్నే బయలుదేరుతుంటే అన్నపూర్ణమ్మ చెప్పులేసుకుని వచ్చి కారు పక్కన నిలబడింది. ఉమాదేవిని చూసి చాలా రోజులైందట. తిరుగు ప్రయాణం ఎలాగూ రైల్లోనే కదా అంది. తొమ్మిదేళ్లలో ఆమె అందులో కూర్చోవడం అదే మొదలు. చీర కుచ్చెళ్లు పొదువుకుని, కాళ్లు ఎక్కడ పెట్టాలో అడిగి, సర్దుకుంది.

పెనుకొండ ఎగువ మీద ఆనాడు లారీ ఒక్కటీ లేదు. సూటిగా కొండ దాకా కనబడే రోడ్డు. నాగేశ్వరయ్య గేరు తగ్గించాడు. ఎనభై. నూరు. నూట పదిహేను. అన్నపూర్ణమ్మ కొంగు చెవుల చుట్టూ బిగించి, ఆయన వైపు ఒరిగి గట్టిగా అడిగింది.

"మళ్లా వేడెక్కిందా?"

ఆయన ముల్లు చూశాడు. ఎనభై ఆరు.

"లేదు."

"మరి యెందుకు ఇంత జోరు?"

నాగేశ్వరయ్య కారణం కోసం వెదికాడు. ఇంజనులో లోపం లేదు. ఫ్యాను సరిగ్గా తిరుగుతోంది. ధర్మవరంలో ఎవరూ తొందరపడి ఎదురుచూడటం లేదు.

"ఊరికే," అన్నాడు.

ఆమె ఇంకేదో అడుగుతుందనుకున్నాడు. ఆమె జానెడు అద్దం మీదుగా కొండను చూస్తూ కూర్చుంది. మలుపు దగ్గర పడుతుంటే ఆయన కాలు కొంచెం ఎత్తి, మలుపు తిరగ్గానే మళ్లీ అదిమాడు.